నాలుగు మీటర్ల కారు

శంషాబాదు విమానాశ్రయంలో విమానం పరుగెత్తుటకు వేసిన బాట పొడవు 4,260 మీటర్లు. ఆ విమానం ఎక్కవలసినవారిని ఇంటినుంచి అక్కడికి చేర్చే కారు పొడవు సాధారణంగా 4 మీటర్లకు మించదు. తరచుగా అది 3,995 మిల్లీమీటర్లు, అనగా నాలుగు మీటర్లకు సరిగా అయిదు మిల్లీమీటర్లు తక్కువ. ఈ అంకె యాదృచ్ఛికం కాదు. మారుతి డిజైర్, హ్యుందాయ్ ఎక్సెంట్, కియా సోనెట్ — వేరు వేరు సంస్థలు, వేరు వేరు రూపాలు. అయినా కొలబద్ద పెట్టి చూస్తే మూడింటికీ వచ్చేది ఆ 3,995 మాత్రమే. ముగ్గురు దరజీలు ముగ్గురు మనుష్యులకు ఒకే కొలతతో చొక్కాలు కుట్టినట్లయితే, ఆ కొలత తీసిన నాలుగవవాడు ఎవరో ఉండితీరాలి కదా. ఆ నాలుగవవానిని గురించి, వాడిచ్చిన కొలతలో మన ఇంజనీర్లు చూపిన ప్రజ్ఞను గురించి, ఆ ప్రజ్ఞవల్ల మనకు దక్కినదేమి, దక్కనిదేమి అన్న విషయాన్ని గురించి ఈనాడు ముచ్చటించదలచినాము.

ఈ ఆలోచన మాకు పుస్తకాలు చదివి కలిగినది కాదు. మా అమ్మాయి పైచదువుకు అమెరికా ప్రయాణమైన రోజున మా ఇంటి వాకిట్లో కలిగినది. తెల్లవారుజామున బాడుగ కారు వచ్చి నిలిచినది. ఎక్కవలసినవారు నలుగురు: అమ్మాయి, వాళ్ళ అమ్మ, మా అమ్మగారు, మేము. సామాను రెండు పెద్ద పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు, అదిగాక చేతిసంచులు. డ్రైవరు డిక్కీ తెరిచి, ఒక పెట్టెను దింపి, రెండవదానిని చూచి తల ఊపినాడు.

"డిక్కీల సిలిండరున్నది సార్. ఒక్కటే పడ్తది. ఇంకోటి ఎన్క సీటు మీద పెట్టాలె."

పైన కట్టుటకు కారియరు లేదు. ఆ వేళకు మరొక కారు దొరకలేదు. పెట్టెను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పెట్టి చూచినాము. ఎట్లా పెట్టినా వెనుక సీటులో ఒక మనిషి చోటును అది ఆక్రమించుకొన్నది. అందరమూ ఒకరి మొగం ఒకరం చూచుకొంటూ ఉండగా మా అమ్మగారే ముందుగా అన్నది: "మీరు వెళ్ళిరండిరా. నేను ఇక్కడినుంచే దీవిస్తాను. విమానం దగ్గరికి వచ్చినా నన్ను లోపలికి రానిస్తారా ఏమి?" మనుమరాలు వంగి పాదాలకు దండం పెట్టినది. కారు కదిలినది. ఎనభై ఏండ్ల మనిషి గేటు పట్టుకొని నిలబడి ఉండటం సందు మలుపు తిరిగేవరకు మాకు కనబడుతూనే ఉన్నది.

అమ్మాయిని లోపలికి పంపి తిరిగి వస్తూ ఉండగా డ్రైవరుతో మాటలు కలిసినవి. ఆయనది పాలమూరు ప్రాంతం. రోజుకు పదిపన్నెండు గంటలు బండిలోనే గడుస్తుందట. "పెద్దమ్మ రాకపాయె, నాకు గూడ మనసుల మంచిగ లేదు సార్. ఎయిర్‌పోర్టు కిరాయిలల్ల రోజు గిదే లొల్లి. ఇంకొక్క జానెడు పొడుగుంటె ఏమైతుండె?" అన్నాడు. పెట్రోలుతో నడిపితే మిగులు లేదని సి.ఎన్.జి. పెట్టించుకొన్నాడు. ఆ వాయువును వాతావరణ పీడనానికి ఇంచుమించు 200 రెట్ల ఒత్తిడితో నింపాలి కనుక మందమైన ఉక్కు సిలిండరు అవసరం. ఆ సిలిండరును పెట్టుటకు డిక్కీ తప్ప మరొక తావు లేదు. ఆయన అడిగిన జానెడు ఎక్కడికి పోయినదో వెదకవలసిన భారం మాపై పడినది.

వెదకగా అది 2006వ సంవత్సరంలో దొరికినది. ఆ ఫిబ్రవరి 28న కేంద్ర ఆర్థికమంత్రి చిదంబరంగారు బడ్జెటు సమర్పిస్తూ, చిన్నకార్లపై ఎక్సైజు సుంకాన్ని నూటికి 24 నుంచి 16కు తగ్గించినారు. చిన్నకారు అనగా ఏది? పొడవు 4,000 మిల్లీమీటర్లు మించరాదు. పెట్రోలు ఇంజను 1,200 ఘనసెంటీమీటర్లు, డీజిలు ఇంజను 1,500 ఘనసెంటీమీటర్లు మించరాదు. భారతదేశాన్ని చిన్నకార్ల తయారీకి కేంద్రస్థానంగా చేయాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. నాటినుంచి సుంకం అంకెలు మారినవి, 2017లో జి.ఎస్.టి. వచ్చినది, 2025 సెప్టెంబరు 22నుంచి చిన్నకారుకు నూటికి 18, పెద్దకారుకు 40 అయినది. ఇన్ని మార్పులలోనూ ఆ నాలుగు మీటర్ల గీత మాత్రం చెరగలేదు.

ఈ గీత విలువ ఎంతో లెక్క వేసి చూడండి. పన్నుకు ముందు ఆరు లక్షల రూపాయల ఖరీదు గల కారు నాలుగు మీటర్ల లోపల ఉంటే పన్ను 1,08,000 రూపాయలు. అదే కారు గీత దాటితే పన్ను 2,40,000. తేడా 1,32,000. అందువల్ల మన దేశంలో చిన్నకారును రూపొందించే ఇంజనీరు మొట్టమొదట కాగితంపై గీసేది చక్రమూ కాదు, ఇంజనూ కాదు. ఆయన గీసేది నాలుగు మీటర్ల దగ్గర ఒక నిలువుగీత. తక్కినదంతా దానికి ఇవతల సర్దవలసినదే.

ఇటువంటి కట్టుబాటు మనకొక్కరికే ఉన్నదనుకోరాదు. జపానులో 1949నుంచి "కేయి" అనే చిన్నకార్ల తరగతి ఉన్నది. ఇప్పటి నియమం ప్రకారం వాటి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజను 660 ఘనసెంటీమీటర్లు మించరాదు. ఆ ఇరుకులోనే జపాను ఇంజనీర్లు నలుగురు కూర్చుండే బండ్లను ఎన్నో రకాలుగా చేసి చూపినారు. 1983 డిసెంబరులో మన రోడ్లపైకి వచ్చిన మారుతి 800 కూడా ఆ సుజుకి వంశవృక్షంలోని కొమ్మయే. అంతకుముందు 1959లో ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు మినీ కారును రూపొందించినాడు. దాని పొడవు సుమారు పది అడుగులు. అప్పటివరకు సాధారణంగా నిలువుగా ఉండే ఇంజనును ఆయన అడ్డంగా తిప్పి, ముందు చక్రాలకే శక్తిని అందించినాడు. ఇంజనుకు తగ్గిన చోటు మనుష్యులకు మిగిలినది. నేడు శంషాబాదు దారిన పోయే చిన్నకార్లలో చాలావాటికి ఆ సూత్రమే ఆధారం.

రెండవ ఉపాయం పొడవులో తగ్గినది ఎత్తులో సంపాదించటం. మనిషి కాళ్ళు చాపి కూర్చుంటే ఎక్కువ నిడివి కావాలి; కుర్చీలో వలె నిటారుగా కూర్చుంటే తక్కువ చాలు. 1998లో వచ్చిన హ్యుందాయ్ శాంత్రో ఇట్టిదే. చూపుకు కొంచెం పెట్టెవలె ఉన్నా, తలపాగా పెట్టినవారికి, చీర కట్టుకొన్నవారికి, మోకాళ్ళ నొప్పులు గల పెద్దలకు ఎక్కి దిగుట సులభమైనది. అదే ఏడాది చివర టాటావారి ఇండికా వెలువడినది. డీజిలుతో నడిచే ఆ చిన్నకారు హైదరాబాదులో బాడుగ బండ్ల స్వరూపాన్నే మార్చివేసినది. మూడవ ఉపాయం ఇంజనునే కుదించటం. నాలుగు సిలిండర్లకు బదులు మూడు పెడితే ఇంజను పొట్టిదవుతుంది, బరువు తగ్గుతుంది.

ఈ పనిలో మన నగరానికీ భాగం ఉన్నది. కొరియాకు చెందిన హ్యుందాయ్ సంస్థ హైదరాబాదులో ఒక ఇంజనీరింగు కేంద్రాన్ని నెలకొల్పినది. కొరియాలో నామ్యాంగ్ వద్ద ఉన్న వారి పరిశోధనాలయమూ, హైదరాబాదు కేంద్రమూ కలిసి రూపొందించిన కారు ఇయాన్. 2011 అక్టోబరులో అది మార్కెటుకు వచ్చినది. మూడు సిలిండర్ల 814 ఘనసెంటీమీటర్ల ఇంజను, మూడున్నర మీటర్ల పొడవు, ప్రారంభపు ధర 2 లక్షల 69 వేలు. మోటారు సైకిలునుంచి కారుకు మారదలచిన కుటుంబానికి అది తగిన మెట్టు. కారు అంటే కర్మాగారం, పొగగొట్టం అని తలచే మనకు, కంప్యూటరు తెర ఎదుట కూర్చున్న యువకులు తలుపు బందును, సీటు కాలును, గుద్దుకొన్నప్పుడు రేకు ముడుచుకొనే తీరును లెక్కకట్టటం కూడా కారు తయారీయే అని తెలియజేసినది ఇటువంటి కేంద్రమే.

కర్మాగారాన్నే చూడవలెనంటే శంషాబాదు ముందునుంచి పోయే రోడ్డు పట్టుకొంటే చాలును. నిన్నమొన్నటివరకు 7వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44వది. షాద్‌నగరు, జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం దాటి దక్షిణంగా సాగితే పెనుకొండ వస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధాని చేసుకొన్న ఊరు అది. వాన మొగం వాచిన సీమ. వేరుసెనగ పండితే పండినట్లు, లేకుంటే వలస. ఆ పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద 536 ఎకరాలలో కియా సంస్థ కార్ల కర్మాగారం నిర్మించినది. 2017 ఏప్రిలులో ఒప్పందం. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చినది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల సామర్థ్యం. కర్మాగారానికి నీరు గొల్లపల్లి జలాశయంనుంచి, అనగా హంద్రీ-నీవా కాలువమీదుగా వచ్చే కృష్ణ నీరు. 2023 జూలై నాటికి అక్కడ తయారైన బండ్లు పది లక్షలు.

ఆ కర్మాగారంలో 2020 సెప్టెంబరునుంచి అమ్మకానికి వచ్చిన సోనెట్ కారు మన ప్రసంగానికి ముఖ్యమైనది. ముందు వచ్చిన సెల్టోస్ 4.3 మీటర్లు. సోనెట్‌ను మాత్రం మన పన్నుగీతను దృష్టిలో ఉంచుకొని 3,995 మిల్లీమీటర్లకు కుదించినారు. అదే పెనుకొండలో తయారై ఇండోనేషియావంటి దేశాలకు పోయే సోనెట్ పొడవు 4,120 మిల్లీమీటర్లు. రెండింటికీ ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం ఒకటే, 2,500. తేడా అంతా ముందు వెనుకల బంపర్లలోనే. ఇక్కడ పుట్టిన బిడ్డ ఊరు దాటగానే 125 మిల్లీమీటర్లు పెరిగినట్లు! ఆ దేశాలలో మన గీత లేదు కనుక అక్కడ దాని అసలు నిడివి దానికి దక్కినది. ఒక ప్రాంతపు విపణికై కారును రూపొందించటం అంటే ఏమిటో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ మాకు కనబడలేదు. ప్రాంతం అంటే అక్కడి రోడ్డు, ఎండ, మనిషి ఎత్తు మాత్రమే కాదు. అక్కడి పన్ను కూడా.

ఇక మన డ్రైవరు అడిగిన జానెడు సంగతి. శంషాబాదు విమానాశ్రయం ప్రజలకు తెరుచుకొన్నది 2008 మార్చి 23న. ఆ మార్చిలోనే మారుతివారు స్విఫ్ట్ కారుకు డిక్కీ తగిలించి డిజైర్ అనే పేరుతో విడుదల చేసినారు. అప్పటి డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు. డిక్కీలో 440 లీటర్ల చోటు. 2012లో రెండవ డిజైర్ వచ్చినది. గీతకు లోబడి పొడవు 3,995. డిక్కీ 316 లీటర్లు. పోయిన పొడవు 165 మిల్లీమీటర్లు, అనగా ఆరున్నర అంగుళాలు, ఇంచుమించు జానెడే. పోయిన చోటు 124 లీటర్లు. ఒక పెద్ద ప్రయాణపు పెట్టెకు సుమారు 100 లీటర్లు అనుకొంటే, ఒక పెట్టె పట్టే చోటు ఆ గీతకు సమర్పణ అయినదన్నమాట. దానిలో సిలిండరు కూడా చేరితే మిగిలేదెంత? మా వాకిట్లో నిలిచిన కారు ఏ సంస్థది అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏ సంస్థదైనా లెక్క ఇదే.

అయితే న్యాయంగా రెండవ వైపు కూడా చెప్పాలి. గీత లేకుంటే ఆ కారు ధర పెరిగేది. ధర పెరిగితే ఆ పాలమూరు డ్రైవరు కారు కొనగలిగేవాడు కాడేమో. ఆయన కొనకుంటే ఆ తెల్లవారుజామున మా వాకిటికి ఏ కారూ వచ్చేది కాదు. పొట్టికారుకు ఇరుకు సందులో మలుపు సులభం, నిలుపుటకు చోటు తక్కువ, ఇంధనం తక్కువ. లక్షలమంది మధ్యతరగతివారు కారు ముఖం చూచినది ఈ నాలుగు మీటర్లవల్లనే. ఇంజనీర్లు కూడా ఊరకుండలేదు. అదే 3,995లో 2017 డిజైర్ డిక్కీని 378 లీటర్లకు పెంచినారు. టాటావారు 2023లో ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్నవి చేసి డిక్కీ అడుగున అమర్చి, పైన సామానుకు చోటు మిగిల్చినారు. గీత మారలేదు, గీతలోపలి బుద్ధి పెరిగినది.

డిక్కీకంటె గురుతరమైన విషయం మరొకటి ఉన్నది. చౌకగా చేయవలెనన్నప్పుడు కోత ఎక్కడ పడుతుంది? కంటికి కనబడని చోట పడుతుంది. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు కార్లను కొన్నిటిని గోడకు గుద్దించి పరీక్షించినది. అందులో పెద్దల రక్షణ విషయంలో సున్నా నక్షత్రాలు పొందినవి అయిదు. వాటిలో మనం పైన చెప్పుకొన్న ఇయాన్ కూడా ఒకటి. పరీక్షించినది ఎయిర్‌బ్యాగులు లేని అన్నిటికంటె చౌక రకం. ఇయాన్ ఒక్కదానినే తప్పుపట్టుటకు వీలులేదు. నాడు ఆ ధరలో దొరికే కార్ల స్థితి చాలవరకు అటువంటిదే, చట్టం కూడా అంతకంటె ఎక్కువ కోరలేదు. చట్టం పొడవును మిల్లీమీటరుతో కొలిచినది. ప్రాణరక్షణను మాత్రం చాలాకాలం కొలవలేదు.

తరువాత కొలిచినది. 2017 అక్టోబరునుంచి కొత్త నమూనాలకు గుద్దుడు పరీక్ష తప్పనిసరి అయినది. 2019 జూలైనుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు, ఆపైన పక్కవానికి కూడా విధిగా వచ్చినవి. 2023 అక్టోబరునుంచి భారత్ ఎన్‌క్యాప్ అనే మన సొంత పరీక్ష అమలులోకి వచ్చినది. ఫలితం చూడండి: 2024లో వెలువడిన నాలుగవ డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు దక్కినవి. పొడవు మరల అదే 3,995. కాబట్టి పొట్టికారు ప్రమాదకరం, పొడుగుకారు క్షేమం అన్న మాట నిలువదు. అదే నాలుగు మీటర్లలో సున్నా పెట్టవచ్చును, అయిదు పెట్టవచ్చును. అడిగేవారు ఉంటే ఇంజనీరు ఇస్తాడు, అడగకుంటే ఇవ్వడు. ఇన్నాళ్ళు మనం అడిగినది ధర ఎంత, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని మాత్రమే. రోజుకు పన్నెండు గంటలు అందులో కూర్చుండే మనిషి ప్రాణాన్ని గురించి అడిగినవారు తక్కువ.

కనుక మాకు తోచినది మనవి చేస్తాము. ఒక దేశపు కారును ఆ దేశపు చట్టమే సగం రూపొందిస్తుంది. ఇంజనీరు చేతిలోని పెన్సిలుకు వెనుక ప్రభుత్వం చేయి ఉంటుంది; ప్రభుత్వం చేతికి వెనుక మన అడుగుదల ఉండాలి. పన్ను వేయుటకు పొడవు ఒక్కటే కొలతగా ఉంటే కారు పొట్టిదవుతుంది, అంతే. పొగ ఎంత, బరువు ఎంత, రక్షణ ఎంత అని కూడా కొలిస్తే కారు అన్ని విధాలా మేలైనదవుతుంది. హైదరాబాదులో లెక్కకట్టేవారికీ, పెనుకొండలో బిగించేవారికీ ఆ శక్తి ఉన్నదని పై ఉదాహరణలే చెబుతున్నవి. వారికి మనం ఇచ్చే కొలత మాత్రమే సరిగా ఉండాలి.

ఆ రోజు మేము ఇల్లు చేరేసరికి పొద్దు బాగా ఎక్కినది. మా అమ్మగారు అరుగుమీద కూర్చుని ఉన్నది. "విమానం ఎక్కినదా?" అని అడిగినది. ఎక్కినదన్నాము. "ఇందాక ఇంటిమీదుగా ఒకటి పోయినది. అదేననుకొని చేయి ఊపినాను" అన్నది. అది అమ్మాయి ఎక్కిన విమానం కాదు. దాని వేళ ఇంకా కాలేదు. ఆ మాట చెప్పుటకు మాకు నోరు రాలేదు. కారును కొలిచే పెద్దలకు మాత్రం ఒక్క మాట చెప్పాలనిపించినది. ఇంటివారందరూ ఒకరిని సాగనంపుటకు బయలుదేరినప్పుడు, వారిలో ముసలివారిని గేటు దగ్గర వదలకుండా తీసుకొనిపోగలిగే కారు ఏదో, అదే మన దేశానికి తగిన కారు.